చేను కాపలా – 3వ పాఠం: బుట్టలో పడ్డ పురుగుల లెక్క

గత పాఠంలో చేను అంతా తిరిగి ఆకులు, మొగ్గలు చూడటం నేర్చుకున్నాం. అంత జాగ్రత్తగా చూసినా పత్తిలో గులాబీ రంగు పురుగు కంటికి దొరకదు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు త్వరగానే మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. దూరిన రంధ్రం పూడుకుపోతుంది. కాయ పైకి పచ్చగా, నిండుగానే ఉంటుంది. అందుకే మనం పురుగుకంటే ముందు వచ్చే రెక్కల పురుగు కోసం కాపు కాస్తాం.

లింగాకర్షక బుట్టలోని ఎరకు ఆడ పురుగు వాసన ఉంటుంది. ఆ వాసన పట్టుకుని మగవి వచ్చి బుట్టలో పడతాయి. గుడ్లు పెట్టే ఆడవి పడవు. కాబట్టి నిఘాకు పెట్టే ఒకటి రెండు బుట్టలు కబురు చెబుతాయి తప్ప చేనును కాపాడవు. బుట్ట కట్టేశాం, ఇక టెన్షన్ లేదు అనుకుని పంట పోగొట్టుకున్నవాళ్లను చూశాను. ఈ మాట గట్టిగా చెబుతున్నది అందుకే.

విత్తిన 45 రోజులకల్లా ఎకరానికి 2 బుట్టలు కట్టండి. పైరు తలలకంటే అడుగు ఎత్తులో ఉండాలి, పైరు పెరిగేకొద్దీ బుట్టనూ పైకి జరపాలి. ఒక బుట్టలో ఒకే రకం ఎర పెట్టండి, ప్యాకెట్ మీద ఉన్న గడువుకు మార్చండి.

ఇక లెక్క. రోజూ పొద్దున్నే బుట్ట విప్పి, లెక్కపెట్టి, ఖాళీ చేసి, నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కటీ పడకపోతే సున్నా అని రాయండి. వరసగా 3 రాత్రులు, బుట్టకు సగటున 8 చొప్పున పడితే అది హెచ్చరిక. ఒక బుట్టలో 11, రెండో దాంట్లో 7 ఉంటే ఆ రాత్రి సగటు 9. మూడు రోజులకోసారి చూసేవాళ్లకు ఒకేసారి 24 కనిపిస్తాయి. అవి రోజుకు 8 చొప్పున పడ్డాయో, ఒక్క రాత్రే 22 పడ్డాయో ఇక తెలిసే దారి లేదు.

హెచ్చరిక వచ్చిందని వెంటనే మందు డబ్బా తీయకండి. చేను నలుమూలల నుంచి, వేర్వేరు మొక్కల నుంచి 20 పచ్చికాయలు కోసి చీల్చి చూడండి. రెండింటిలోనైనా పురుగో, తిన్న గింజలో కనిపిస్తే నష్టం 10 శాతానికి చేరినట్టే, అప్పుడు మందు గురించి ఆలోచించాలి. రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనిపించినా కోసి లోపల చూడండి, పురుగు ఉంటే ఆ పూలను ఏరి నాశనం చేయండి.

వచ్చే పాఠానికి వరసగా 7 రోజుల లెక్క రాసి ఉంచుకోండి. ఆ అంకెలతోనే గీత గీసి, ఉధృతి ఎటు పోతోందో చూద్దాం.