తోటలో నష్టమా? మందు పెట్టేముందు ఆనవాళ్లు చూడండి

ఉత్తర కాలిఫోర్నియాలో నాపా, సొనోమా వైపు చిన్న ద్రాక్షతోట, పక్కనే నాలుగు గొర్రెలు పెట్టుకున్న మనవాళ్లు ఫోన్ చేస్తే ముందు అడిగేది “ఏ మందు పెట్టాలి?” అనే. నేను ముందు ఫొటో పంపమంటాను. పాడుచేసింది ఎవరో తేలకుండా పెట్టిన విషం చాలాసార్లు తోటకు కాపలా కాసే జీవినే చంపుతుంది.

సమస్య: తీగ ఉన్నట్టుండి వాడిపోయింది, పక్కన కొత్త మట్టి కుప్ప

కుప్ప ఆకారం చూడండి. మట్టి విసనకర్రలా ఒక పక్కకే పరుచుకుని, అంచున కన్నం మట్టితో పూడ్చి ఉంటే అది గోఫర్. వేళ్లు కొరికేది ఇదే. మన పొలంగట్ల పందికొక్కులాగే తవ్వుతుంది, కాకపోతే దాదాపు బతుకంతా నేలలోనే. కుప్ప గుండ్రంగా, నడిమధ్య నుంచి పొంగినట్టుంటే మోల్. అది వానపాములు, పురుగులు తింటుంది, వేళ్లు తినదు. దాన్ని వదిలేయండి. కుప్పే లేకుండా చిన్న కన్నాలు తెరిచి ఉండి, వాటి మధ్య గడ్డిలో సన్నటి దారులు కనిపిస్తే వోల్ అనే పొట్టి తోక ఎలుక. తీగ మొదలు చుట్టూ బెరడు ఒలిచేస్తుంది.

వోల్‌కి దాక్కోవడానికి గడ్డి కావాలి. మొదళ్ల చుట్టూ గడ్డి తీసేసి, లేత తీగలకు జాలీ చుడితే చాలావరకు సర్దుకుంటుంది. వరసల మధ్య గడ్డి మాత్రం ఉండనివ్వండి. గోఫర్‌కి ఉచ్చే మేలు. కుప్ప పక్కన ఇనుప చువ్వతో పొడుస్తూ పోండి. చువ్వ ఒక్కసారిగా లోపలికి జారిందంటే అసలు సొరంగం దొరికినట్టే. అక్కడ తవ్వి, రెండు వైపులా ఒక్కో ఉచ్చు పెట్టండి. ఈ రాష్ట్రంలోనే లాస్ గాటోస్‌లో పుట్టి, 1900లో పేటెంట్ పొందిన మెకాబీ ఉచ్చు ఇప్పటికీ వాడుకలో ఉంది.

బ్రోడిఫాకూమ్ లాంటి రెండో తరం ఎలుకమందు (రక్తం గడ్డకట్టనివ్వని, ఒంట్లో ఎక్కువకాలం నిలిచే రకం) తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతూ గుడ్లగూబకు సులువుగా చిక్కుతుంది. ఆ మందు గుడ్లగూబ కాలేయంలో పేరుకుంటుంది. 2021 నుంచి కాలిఫోర్నియా వీటి వాడకాన్ని చాలావరకు కట్టడి చేసింది. వ్యవసాయానికి కొన్ని మినహాయింపులున్నాయి. ఉన్నా వాడకండి.

సమస్య: గుడ్లగూబ పెట్టె పెట్టి రెండేళ్లయింది, ఒక్కటీ రాలేదు

ఎలుకలను, గోఫర్లను వేటాడుతుందని తోటల్లో గూటిపెట్టె పెట్టేది బార్న్ ఆవుల్ కోసం. ఇది మన పాత గుళ్లలో, పాడుబడ్డ ఇళ్లలో కాపురముండే తెల్లమొహం గుడ్లగూబకు దగ్గరి చుట్టం. ఇంటి మీద వాలితే కీడని తరిమే చోట పెరిగిన నాకు, ఇక్కడి రైతులు దానికోసం ఇల్లు కట్టి ఎదురుచూడటం మొదట్లో వింతగానే ఉండేది. కాల్ పాలీ హంబోల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు నాపా తోటల్లో ఈ పెట్టెలను ఏళ్లుగా గమనిస్తున్నారు. మూడు మీటర్లకన్నా ఎత్తున, పచ్చికబయలు దగ్గరగా ఉన్న పెట్టెలే వాటికి నచ్చుతాయని తేల్చారు. కాబట్టి ముందు ఎత్తు కొలవండి. తర్వాత చుట్టూ చూడండి: ఎటు చూసినా ద్రాక్షే అయితే పెట్టెను తోట అంచుకి, బయలు వైపుకి మార్చండి. ఫిబ్రవరికల్లా గూడు చూసుకుంటాయి, అందుకే పెట్టె శరదృతువులోనే శుభ్రం చేసి సిద్ధంగా ఉంచాలి. పిల్లలున్నప్పుడు తెరవొద్దు.

గుడ్లగూబ ఒక్కటే గోఫర్లను తుడిచిపెట్టదు. వేటలో కొంతే మీ తోటలో చేస్తుంది. ఉచ్చులు మానొద్దు.

సమస్య: వాగు పక్క వరసల్లోనే ఆకులు అంచుల నుంచి మాడుతున్నాయి

వేసవి చివర్లో ఆకు రాలి, కాడ మాత్రం అగ్గిపుల్లలా తీగకు అంటుకుని ఉందా? ముదిరి గోధుమరంగుకు తిరిగిన కొమ్మ మీద అక్కడక్కడ పచ్చటి మచ్చలు మిగిలాయా? అయితే నీటి ఎద్దడి కాదు, పియర్స్ తెగులు అయ్యుండొచ్చు. జైలెల్లా ఫాస్టిడియోసా అనే బాక్టీరియా తీగలో నీరు మోసే నాళాలను మూసేస్తుంది. దాన్ని వాగు ఒడ్డు మొక్కల నుంచి తోటకు మోసుకొచ్చేది నీలం-ఆకుపచ్చ షార్ప్‌షూటర్ పురుగు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు: ఒడ్డంతా నరికేస్తారు. నీడ పోతే నీళ్లు వేడెక్కుతాయి, ఒడ్డు కోసుకుపోతుంది, స్టీల్‌హెడ్ చేపపిల్లలు బతకవు. నరకాల్సింది ఒడ్డును కాదు, పురుగు పెరిగే మొక్కలను: హిమాలయన్ బ్లాక్‌బెర్రీ, పెద్దాకుల విన్కా, అడవి ద్రాక్ష. వాటి స్థానంలో పురుగు ఇష్టపడని స్థానిక చెట్లు నాటాలి. వాగు ఒడ్డున చెయ్యి పెట్టేముందు రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖను సంప్రదించండి, చాలా పనులకు వాళ్లతో ఒప్పందం ఉండాలి. తెగులు ల్యాబ్‌లో తేలాక ఆ తీగలు తీసేయక తప్పదు.

సమస్య: మంచు రాత్రి స్ప్రింక్లర్లు వేశాం, తెల్లారేసరికి వాగు అడుగంటింది

చిగుళ్లు మంచుకు మాడకుండా నీళ్లు చల్లడానికి మీ మోటారొక్కటే కాదు, లోయంతా ఒకేసారి తోడింది. 2008 ఏప్రిల్‌లో రష్యన్ నది లోయలో ఇలాగే చేపపిల్లలు ఒట్టి గులకల మీద చచ్చాయి. 2011లో రాష్ట్ర నీటి బోర్డు ఇలా తోడటంపై ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమతితో చలికాలపు నీటిని వాగుకు దూరంగా చెరువులో నింపుకోండి, లేదా మంచు రాత్రి తోటలో గాలిని కదిపే పెద్ద ఫ్యాన్ పెట్టండి.

సమస్య: పిట్టలు పండు తినేస్తున్నాయి

వల వేయండి, కింది అంచు బిగించండి, కోత కాగానే తీసేయండి. వదులు వలలో పాములూ గుడ్లగూబలూ చిక్కి చస్తాయి. పురుగులు తినే వెస్టర్న్ బ్లూబర్డ్ అనే చిన్న నీలం పిట్టను మాత్రం ఈ లెక్కలో కలపకండి. దానికి గూటిపెట్టెలు పెట్టిన తోటల్లో గొంగళిపురుగులను పిట్టలు 2.4 రెట్లు ఎక్కువగా తిన్నట్టు కాలిఫోర్నియా పరిశోధనలో తేలింది. మన వ్యవసాయాధికారులు పైర్లలో పక్షి స్థావరాలు పాతమని చెప్పేది కూడా ఇందుకే.

సమస్య: గొర్రె చచ్చింది

గొంతు కింద కాటుంటే కయోటీ, అంటే తోడేలుకు చుట్టమైన ఇక్కడి చిన్న జంతువు. చాలా గొర్రెలకు కాళ్లకు, పక్కలకు గాయాలైతే బహుశా ఎవరివో పెంపుడు కుక్కలు. కళేబరాన్ని ఈడ్చుకెళ్లి ఆకులతో కప్పితే మౌంటెన్ లయన్ అనే పెద్ద అడవిపిల్లి. దానికి 1990లో ఓటర్లే నేరుగా ఆమోదించిన చట్టం రక్షణగా ఉంది, దాన్ని వేటాడకూడదు. గొర్రెలను రాత్రి ఉంచే దొడ్డికి పైకప్పు వేయండి. కయోటీలకైతే కరెంటు కంచె, కాపలా కుక్క.

గాయమేమీ లేదు, కళ్లు పసుపెక్కాయి, మూత్రం ముదురు రంగులో పోసిందంటే రాగి విషమేమో అని అనుమానించండి. గొర్రె ఒంట్లో రాగి త్వరగా పేరుకుంటుంది. రాగి మందు చల్లిన వరసల్లో మేపొద్దు, రాగి కలిసిన మేకల ఖనిజ లవణం పెట్టొద్దు. వెంటనే పశువైద్యుణ్ని పిలిచి, ఎప్పుడు ఏం చల్లారో ఆ తేదీలన్నీ చూపించండి.