ఫ్రెండ్ కారు కొంటున్నారా? లోను తీరిందో లేదో ముందు చూడండి

గత వారం బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్ల అబ్బాయి కారును రికవరీవాళ్లు అపార్ట్‌మెంట్ గేటు దగ్గరే ఆపి పట్టుకుపోయారు. కారు ఫ్రెండ్ దగ్గర కొన్నాడు. ఈఎంఐ డబ్బు నెలనెలా ఆ ఫ్రెండ్‌కే యూపీఐ చేస్తున్నాడు. ఫ్రెండేమో బ్యాంకుకి కట్టడం మానేశాడు. ఆర్సీ, లోను రెండూ ఫ్రెండ్ పేరు మీదే. ఇతని దగ్గర ఉన్నవి స్క్రీన్‌షాట్లు.

దసరా బేరాలు మొదలయ్యాయి. అక్టోబర్‌లో అమెరికా వెళ్లేవాళ్లు కార్లు వదిలించుకునేదీ ఇప్పుడే. ఇంజిన్ మెకానిక్‌కి చూపించుకోమని నేను చెప్పక్కర్లేదు. నేను చూసిన గొడవలన్నీ ఒక్కచోటే మొదలయ్యాయి: లోనుకి కట్టాల్సిన డబ్బు ఫ్రెండ్ చేతిలో పెట్టడం.

డబ్బు

"నువ్వు నాకు వేసెయ్ రా, నేను క్లోజ్ చేస్తా" అంటాడు. మంచివాడే కావచ్చు. కానీ ఖాతాలో పడ్డ డబ్బుకి వేరే అవసరాలు పుట్టుకొస్తాయి. ముందు బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించండి, అంటే లోను ముందే తీర్చేయాలంటే ఎంత కట్టాలో చెప్పే కాగితం. యాప్‌లో కనిపించే అసలు బాకీ ఒక్కటే చాలదు. ఆ రోజు దాకా వడ్డీ, ఫోర్‌క్లోజర్ చార్జీ, దానిమీద జీఎస్టీ, పాత బౌన్స్ చార్జీలు ఉంటే అవీ కలుస్తాయి. లెటర్ మీద వేసిన గడువు దాటితే కొత్తది అడగాలి. ఇద్దరూ కలిసి బ్రాంచికి వెళ్లి, మీ ఖాతా నుంచి నేరుగా లోన్ ఖాతాకే కట్టండి.

కట్టే ముందు అక్కడే ఇంకో మాట అడిగించండి: ఈయనకి మీ దగ్గర వేరే బాకీ ఏమైనా ఉందా? కారు లోను పైసాతో సహా తీరినా, అదే బ్యాంకులో క్రెడిట్ కార్డు బాకీ ఉందని ఎన్ఓసీ (లోను తీరింది, అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం) ఆపేసే సందర్భాలున్నాయి.

కాగితాలు

బ్యాంకు ఎన్ఓసీతో పాటు ఫారం 35 కావాలి, ఆర్సీలోంచి ఫైనాన్సర్ పేరు, అంటే లోనిచ్చిన బ్యాంకు పేరు, తీయించడానికి. ఫైనాన్సర్ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆర్టీవో పేరు మార్చరు. మోటారు వాహనాల చట్టం 51వ సెక్షన్ అదే చెబుతుంది. పేరు మార్పుకి ఫారం 29, 30. ఆంధ్ర, తెలంగాణ నంబరైతే, కారుని కర్ణాటకకి మార్చుకోవడానికి అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్ఓసీ వేరే, అది ఫారం 28. ఈ రెండు ఎన్ఓసీలూ ఒకటేననుకుని చాలామంది తిరుగుతారు. కర్ణాటక రోడ్ ట్యాక్స్ కూడా బేరంలోనే లెక్కేసుకోండి.

ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లో దరఖాస్తు చేయండి. లేకపోతే మీ కారు డ్యామేజీ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది.

ఫైనాన్సర్ పేరు, చలాన్లు ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో మీరే చూడండి. ఫ్రెండ్ పంపిన ఫొటో నమ్మొద్దు. రెండో తాళం తీసుకోండి. అతని ఫాస్టాగ్ మూయించండి. ఓటీపీలు అతని ఫోన్‌కే వస్తాయి, ఇక్కడి సిమ్ ఆపకముందే పని ముగించాలి. స్టాంపు కాగితం మీద మీరిద్దరూ రాసుకున్నది బ్యాంకుకి పట్టదు. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని డ్రాయర్లో పెట్టుకోవద్దు. పేరు మార్పు అడగడానికి మీకు మొహమాటమైతే అతనికి ఇలా చెప్పండి: ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్సీలో ఉన్న పేరుదేనని 2018లో సుప్రీంకోర్టు అంది, పేరు మారకపోతే ఇరుక్కునేది అతనే. ఈఎంఐ అతనికి పంపుతూ కారు నడపొద్దు, ఒక్క నెల కూడా. లోను డబ్బు లోను ఖాతాకే. మిగతాది ఎన్ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే. ఫ్లైట్ టైమైందని తొందరపెడితే కారు వాళ్ల నాన్నగారికి అప్పగించి వెళ్లమనండి.