డెస్క్‌టాప్‌కి వాటర్ కూలింగ్: బిగించడం తేలికే, నీళ్లు నింపడమే అసలు పని

కావలసినవి ఇవి: రాగి వాటర్ బ్లాక్ (ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడిని నీళ్లకు ఇచ్చేది), రాగి రేడియేటర్ (ఆ వేడిని గాలిలోకి వదిలేది), రిజర్వాయర్‌తో, అంటే నీళ్ల తొట్టితో, కలిసొచ్చే పంపు, ట్యూబు బిగించడానికి జీ 1/4 (మర సైజు) ఫిట్టింగులు ఆరు, 10/13 మి.మీ. (లోపల 10, బయట 13) మెత్తటి ట్యూబు రెండు మీటర్లు. ప్రాసెసర్ ఒక్కదానికైనా 360 మి.మీ. రేడియేటర్‌కి తగ్గొద్దు. ఎండాకాలం నల్లగొండలో, పాలమూరులో గదిలోనే 40 డిగ్రీలుంటుంది, లూపులో, అంటే ఇవన్నీ కలిసిన చుట్టులో, తిరిగే నీళ్లు గది గాలి కన్నా ఎప్పటికీ చల్లబడవు. అల్యూమినియం రేడియేటర్ చవగ్గా వస్తుందని తీసుకుంటే, రాగి బ్లాకుతో కలిసి అది తుప్పు పడుతుంది. గట్టి ట్యూబు మొదటిసారికి వద్దు.

బోరు నీళ్లు పోయొద్దు. మన బకెట్లకు పట్టే తెల్లటి పెచ్చే బ్లాకులోని సన్నటి గాడుల్లోనూ పడుతుంది. ఆర్వో క్యాన్ నీళ్లలోనూ లవణాలు మిగులుతాయి. డిస్టిల్డ్ వాటర్, అందులో నాచు పట్టకుండా బయోసైడ్, అంతే. కొన్ని రంగు ద్రవాలు అడుగున పేరుకుంటాయి, రంగు చూడ్డానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

రేడియేటర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తోనే రెండు మూడుసార్లు కడగండి. ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ (వేడిని బ్లాకుకు చేర్చే ముద్ద) శనగగింజంత పెట్టి, బ్లాక్ స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఫిట్టింగులు చేత్తోనే బిగించాలి. పానా వేస్తే రబ్బరు రింగు నలిగి అక్కడే కారుతుంది. రిజర్వాయర్ పంపు కన్నా పైన ఉండాలి.

ఇక నింపడం. ఎక్కువమంది మదర్‌బోర్డు పాడుచేసుకునేది ఇక్కడే, అన్నీ కలిపేసి ఒకేసారి స్విచ్ వేయడం వల్ల. మదర్‌బోర్డు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కరెంటు వైర్లన్నీ పీకేయండి. ఎస్‌ఎంపీఎస్‌కి (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టెకి) పంపు ఒక్కటే ఉండాలి. మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌కి జంపర్ ప్లగ్ పెడితే బోర్డు లేకుండానే ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుంది. వైర్లన్నీ నల్లగా ఉంటే ఏ పిన్నో ఊహించి తీగ గుచ్చకండి, ప్లగ్ కొనండి. ప్రతి ఫిట్టింగ్ కింద టిష్యూ పేపర్ పరవండి, తడి అందులో ముందు తెలుస్తుంది.

రిజర్వాయర్ నింపి, నాలుగైదు సెకన్లు ఆన్ చేసి ఆపండి. మట్టం పడుతుంది, మళ్లీ పోయండి, మళ్లీ ఆన్ చేయండి. రిజర్వాయర్ ఖాళీ అయ్యేదాకా పంపు తిరగనివ్వొద్దు. నీళ్లే దాని బేరింగ్‌కి తడి, పొడిగా తిరిగితే అరుగుతుంది. మట్టం నిలకడగా ఉన్నాక క్యాబినెట్‌ని మెల్లగా అటూ ఇటూ వంచండి, రేడియేటర్‌లో ఇరుక్కున్న గాలి గుడగుడమంటూ బయటికొస్తుంది.

తరువాత 24 గంటలు పంపు ఒక్కటే నడవాలి. గంట చాలనేవాళ్ల మాట వినకండి, చిన్న కారుడు ఒక్కోసారి రాత్రి గడిచాకే బయటపడుతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పారదన్న ధీమా కూడా వద్దు. లోహాన్ని, దుమ్మును తాకిన నీళ్లలో పారుతుంది. టిష్యూ తడిస్తే ఆపి, బిగించి, తుడిచి, బోర్డు పూర్తిగా ఆరాక 24 గంటల లెక్క మళ్లీ మొదటి నుంచి. టిష్యూలన్నీ పొడిగా ఉన్నప్పుడే బోర్డు వైర్లు కలపండి.

నీళ్లు ఏడాదికోసారి మార్చాలి. రేడియేటర్ దుమ్ము మాత్రం ఎండాకాలం నెలకోసారి బ్రష్‌తో దులపండి.