లైట్‌రూమ్ నుంచి వెళ్ళిన ఫోటో తిరిగి రాకపోతే

ప్లగిన్ (ఫోటో ఎడిటింగ్‌కి అదనంగా వేసుకునే చిన్న ప్రోగ్రామ్) మొరాయిస్తే మనలో చాలామంది ముందు దాన్ని తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. శివారు చేనుకి నీళ్ళు అందకపోతే మా కోనసీమలో ఎవరూ కొత్త బోదె తవ్వరు. కాలువ గట్టు మీద పైకి నడిచి, ఏ తూము దగ్గర ఆగిందో చూస్తారు. ఇదీ అంతే. ఫోటో లైట్‌రూమ్ క్లాసిక్ నుంచి బయల్దేరిందా? అవతల ఫోటోషాప్‌లోనో ప్లగిన్‌లోనో తెరుచుకుందా? తిరిగొచ్చిందా?

"సేవ్ చేశాను, లైట్‌రూమ్‌లో లేదు"

నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. పోయిన పెళ్ళిళ్ళ సీజన్లో ముమ్మిడివరం నుంచి ఓ కుర్రాడు, "అన్నయ్యా, ఫోటోషాప్ ఫోటోలు మింగేస్తోందండి" అన్నాడు. అప్పటికే రెండుసార్లు ఇన్‌స్టాల్ చేశాడట. స్క్రీన్ షేర్ చేయమని చూస్తే, సేవ్ యాజ్ కొట్టి, పేరు మార్చి, డెస్క్‌టాప్ మీద పెట్టుకుంటున్నాడు. లైట్‌రూమ్ తాను పంపిన పేరుతో, పంపిన ఫోల్డర్లోనే ఫైలు కోసం చూస్తుంది. కంట్రోల్ ఎస్ కొట్టి మూసేస్తే చాలు, దానంతటదే వస్తుంది. దారి తప్పినవాటిని ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్లోకి తెచ్చి, ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి సింక్రనైజ్ ఫోల్డర్ ఇవ్వండి.

సరిగ్గానే సేవ్ చేసినా కనిపించకపోతే ఫిల్టర్ ఆన్‌లో ఉందేమో చూడండి. స్టార్ రేటింగ్ ఫిల్టర్ పెట్టి మర్చిపోవడం నేనూ చేశాను. ఒరిజినల్‌తో స్టాక్ అయి దాని కింద దాక్కుని ఉండొచ్చు కూడా. పీఎస్‌డీ (ఫోటోషాప్ సొంత ఫైలు రకం) అయితే ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో, ఫైల్ హ్యాండ్లింగ్ కింద, మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీని ఆల్వేస్‌లో పెట్టండి. ఈ గొడవంతా ఎందుకనుకుంటే టిఫ్ ఫైలు రకం వాడండి. నేను అదే వాడతాను.

"ఎడిట్ ఇన్ నొక్కితే ఏమీ తెరుచుకోదు"

ఒరిజినల్స్ ఉన్న హార్డ్ డిస్క్ పెట్టారా? లేకపోతే ఫోటో పక్కన ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటుంది. అది పెట్టే ఉంటే, ప్లగిన్ అప్‌డేట్ అయ్యాక దాని ప్రోగ్రామ్ ఫైలు వేరే ఫోల్డర్లోకి మారి ఉంటుంది. లైట్‌రూమ్ ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌టర్నల్ ఎడిటింగ్‌కి వెళ్ళి, కొత్త ఫైలు చూపించి, ప్రీసెట్ (దాచుకున్న సెట్టింగ్స్) అప్‌డేట్ చేయండి.

"ఫోటోషాప్ ఫిల్టర్ మెనూలో ప్లగిన్ లేదు"

కొత్త వెర్షన్ వేసుకున్నారా? దాని ఫోల్డర్ వేరు. ప్లగిన్ పాత ఇంట్లోనే ఉండిపోయింది. ప్లగిన్ ఇన్‌స్టాలర్ని మళ్ళీ నడిపి కొత్త ఫోల్డర్ చూపించండి. ఇన్‌స్టాల్ మళ్ళీ చేయాల్సింది నిజంగా ఇక్కడే. పాత 32 బిట్ ప్లగిన్ 64 బిట్ ఫోటోషాప్‌లో ఎన్నిసార్లు వేసినా రాదు. పేరు ఉండి బూడిద రంగులో ఉంటే ఇమేజ్ మోడ్ చూడండి. ప్రింటింగ్ ల్యాబ్ కోసం ఎప్పుడో సీఎంవైకే (ప్రింటింగ్ సిరాల రంగుల మోడ్) లోకి మార్చి ఉంటారు.

"ప్లగిన్లో రంగులు పాలిపోయాయి"

పెళ్ళికూతురు చెంప మీద పసుపు లైట్‌రూమ్‌లో నిండుగా ఉంది. ప్లగిన్లో తెరిచేసరికి మజ్జిగ కలిపినట్టుంది. వెనకాల కొబ్బరాకులూ వడలిపోయాయి. మానిటర్‌ని తిట్టుకోకండి. ప్రోఫోటో ఆర్‌జీబీ అనే పెద్ద రంగుల కొలతలో వెళ్ళిన ఫైలుని ఆ ప్రోగ్రామ్ ఎస్‌ఆర్‌జీబీ అనే చిన్న కొలత అనుకుని చదువుతోంది. ఐదు కుంచాల ధాన్యాన్ని ఐదు మానికలని రాసుకున్నట్టు. ఆ ప్లగిన్ ప్రీసెట్‌లో కలర్ స్పేస్‌ని ఎస్‌ఆర్‌జీబీ చేయండి. ఇదే తేడా ఫోటోషాప్‌లో వస్తే, కలర్ సెట్టింగ్స్‌లో ఆర్‌జీబీకి ప్రిజర్వ్ ఎంబెడెడ్ ప్రొఫైల్స్ పెట్టండి. ప్రొఫైల్ మార్చేటప్పుడు కన్వర్ట్ వాడాలి. అసైన్ వాడితే కొలత పేరు మారుతుంది గానీ గింజలు అవే.

"సిస్టమ్ నత్తనడక, మధ్యలో క్రాష్"

24 మెగాపిక్సెల్ ఫోటో 16 బిట్ టిఫ్ అయితే, కంప్రెషన్ లేకుండా సుమారు 144 ఎంబీ. నలభై ఫోటోలు ఒకేసారి పంపితే దాదాపు 6 జీబీ. సీ డ్రైవ్ ఎరుపులో ఉన్న సిస్టమ్ అది మోయలేదు. ఐదారు చొప్పున పంపండి, ఫోటోషాప్ తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే స్క్రాచ్ డిస్క్‌ని ఖాళీ ఉన్న డ్రైవ్‌కి మార్చండి. అయినా ఆగకపోతే, షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఫోటోషాప్ తెరవండి. బయటి ప్లగిన్లు వద్దా అని అడుగుతుంది. అవి లేకుండా బాగా నడిస్తే ప్లగిన్ల ఫోల్డర్ ఖాళీ చేసి, ఒక్కొక్కటే వెనక్కి పెట్టి చూడండి. ఏది పెట్టాక పడిపోయిందో అదే దొంగ.