సిగ్నల్ దగ్గర న్యూట్రల్ పడట్లేదా?

రెడ్ సిగ్నల్ పడ్డాక బండి ఆపి, ఫస్ట్‌లోంచి న్యూట్రల్ కోసం కాలితో పైకీ కిందకీ తన్నుతూనే ఉంటాం, అది ఫస్ట్ లేదంటే సెకండ్, మధ్యలో మాత్రం ఆగదు, ఈలోపు క్లచ్ పట్టుకున్న వేళ్లు లాగేస్తుంటాయి.

బండి పూర్తిగా ఆగకముందే న్యూట్రల్ చేసేయండి. సిగ్నల్‌కి ఇరవై ముప్పై మీటర్ల ముందే సెకండ్‌కి వచ్చి, స్పీడు 10 కిలోమీటర్లకి తగ్గాక క్లచ్ పూర్తిగా నొక్కి, కాలి బొటనవేలితో గేర్ లివర్‌ని సగమే, మెత్తగా కిందకి అనండి. చక్రం ఇంకా తిరుగుతుంటుంది కాబట్టి లోపల గేర్లు బిగుసుకోవు, మీటర్‌లో న్యూట్రల్ పచ్చ లైటు వెలుగుతుంది. లైటు వెలిగినా బ్రేక్ మీద చేయి ఉంచే క్లచ్ వదలండి, మెల్లగా. ఆల్రెడీ ఫస్ట్‌లో ఆగిపోయారా, అప్పుడు క్లచ్ కొద్దిగా, బండి కదలబోతోంది అనిపించేంత వరకే వదిలి, మళ్లీ నొక్కి, గేర్ లివర్‌ని కొంచెం పైకి లేపితే చాలాసార్లు పడిపోతుంది.

ఇది ఫస్ట్ కిందకి, మిగతావి పైకి ఉండే బండ్లకే. స్ప్లెండర్ లాంటి వాటిలో వరస వేరు.

ఇంజిన్ ఆపితే న్యూట్రల్ పడి, ఆన్‌లో ఉంటే పడకపోతే మాత్రం ఈ చిట్కా పనిచేయదు, క్లచ్ సరిగా విడవట్లేదన్నమాట. క్లచ్ లివర్ చివర ఖాళీ ఆట, అంటే బిగువు తగిలేలోపు అది ఊరికే కదిలే దూరం, చూడండి, చాలా బండ్లకి 10 నుంచి 15 మిల్లీమీటర్లు సరిపోతుంది, అంతకన్నా వదులుగా ఉంటే హ్యాండిల్ దగ్గరున్న అడ్జస్టర్ తిప్పి బిగించుకోవచ్చు.