లోయలోకి సైకిల్ దించే ముందు

అడవి లోయ ట్రైల్‌లో ముందు దిగుడు, తర్వాత ఎక్కుడు, అంటే ఒళ్లు అలిసిపోయాకే అసలు కష్టం మొదలవుతుంది, కాబట్టి సీసాలో నీళ్లు సగం కాకముందే వెనక్కి తిరగండి. దిగేటప్పుడు సీటు బాగా కిందికి దించి, పెడల్స్ మీద నిలబడి, మడమలు కిందికి నొక్కి, ఒంటిని కాస్త వెనక్కి జరపండి. రెండు బ్రేకులూ మలుపుకి ముందే వేయాలి, మలుపు మధ్యలో గట్టిగా పట్టారా, చక్రం జారినట్టే. తడిసిన చెట్టు వేర్లు మహా మోసం! బ్రేకు ముట్టకుండా నేరుగా దాటేయండి. చూపు దారి మీదే ఉండాలి, రాయిని చూస్తే రాయినే గుద్దుతాం (నా మోకాలే సాక్ష్యం). ఎదురెక్కేవాళ్లకి దారివ్వండి. ఎక్కడో ఎగువన వాన పడినా లోయలోకి ఉన్నట్టుండి వరద రావచ్చు, మబ్బు పట్టిన రోజు మానేయండి. సిగ్నల్ అందకపోవచ్చు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.