పేగు క్యాన్సర్ ఇంట్లోకి వచ్చాక: ఎండలు ముదరకముందే కొన్ని జాగ్రత్తలు

అన్నయ్యకి వచ్చే వారం నాలుగో కీమో. నెల్లూరు నుంచి వచ్చి వదినతో సహా వేళచ్చేరిలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. చెన్నైలో మే మొదటి వారానికే అగ్ని నక్షత్రం పెడుతుంది, మన రోహిణి కార్తె కంటే మూడు వారాల ముందే. ఆలోపు మాలాంటి వాళ్ళు చూసుకోవాల్సినవి రాస్తున్నాను. మందుల సంగతి మీ డాక్టరు చెప్పినట్టే చెయ్యండి. ఇవి ఇంట్లో పడే పాట్లు.

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ తరవాత చాలామందికి నరంలోకి ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించి, దానితో కేపెసిటబిన్ మాత్రలు ఇస్తారు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కించిన తరవాత కొన్ని రోజులు చల్లనిది ఏదీ పడదు. మొదటి కీమో నుంచి ఇంటికి రాగానే, పాపం ఎండన పడి వచ్చాడు కదా అని, ఫ్రిజ్‌లో మజ్జిగ తీసి నేనే ఇచ్చాను. ఒక్క గుక్కకే గొంతు బిగుసుకుపోయి ఊపిరాడనట్టు అయింది. కాసేపటికి సర్దుకుంది కానీ ఆ ఐదు నిమిషాలు మా ప్రాణాలు మాలో లేవు. ఇప్పుడు ఆ వారమంతా నీళ్ళు, మజ్జిగ, కొబ్బరి బోండాం ఏదైనా గది వేడిలోనే. ఫ్రిజ్ తలుపు అన్నయ్యని ముట్టుకోనివ్వం, చల్లటి సీసా పట్టుకుంటే వేళ్ళు కరెంటు కొట్టినట్టు జివ్వుమంటాయి. ఏసీ వేసుకోవచ్చు, గాలి మొహానికి తగలకుండా మంచం జరిపితే చాలు. క్యాన్ నీళ్ళు కూడా మరగబెట్టి చల్లార్చే ఇస్తున్నాం.

మాత్రలు పొద్దున, రాత్రి, తిన్న అరగంటలోపు. పద్నాలుగు రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపాలి. వీటితో అరిచేతులు, అరికాళ్ళు ఎర్రబడి మండుతాయి, తోలు ఊడుతుంది. అందుకే మైలాపూర్ కపాలీశ్వరుడి దర్శనం వాయిదా వేశాం. మే నెలలో ఆ బండల మీద మామూలు మనిషే వట్టికాళ్ళతో నిలబడలేడు. మొక్కు ఎక్కడికీ పోదు.

విరేచనాలు మామూలు కంటే రోజుకి నాలుగుసార్లు పెరిగాయంటే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. డోసు తప్పితే మందు పనిచెయ్యదేమోనని వదిన ఒకసారి ఇంకో మాత్ర వేయించబోయింది. ఈ ఎండల్లో ఒంట్లో నీరు తగ్గడానికి పూట కూడా పట్టదు. ఓఆర్ఎస్ పొట్లాలు ముందే తెచ్చిపెట్టుకోండి.

జ్వరం విషయంలో మాత్రం మొహమాటం వద్దు. థర్మామీటర్ 100.4 చూపించిందంటే అర్ధరాత్రయినా ఆటో పిలవాల్సిందే. తెల్లకణాలు తగ్గినప్పుడు వచ్చే జ్వరం గంటల్లో ముదురుతుంది. డోలో వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకుంటే జ్వరం కనిపించకుండా పోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. రాత్రిపూట ఏ గేటు తెరిచి ఉంటుందో, కేస్ షీట్ నంబర్ ఎంతో కాగితం మీద రాసి తలుపుకి అంటించండి.

చూడ్డానికి వచ్చే చుట్టాలు లక్ష్మణఫలం ఆకు కషాయం తెస్తారు. దండం పెట్టి తీసుకుని పక్కన పెట్టెయ్యండి.

ఇక రెండో భాగం. నా దృష్టిలో ఇదే అసలుది, మేం వెనకబడిందీ ఇక్కడే.

అన్నయ్యకి నలభై ఆరు. రక్తం పడుతోందంటే ఒక డాక్టరు ఎనిమిది నెలలు మొలలకి మందిచ్చారు. ఆపరేషన్‌కి ముందు ఇక్కడి డాక్టరు ఇంట్లో ఇంకెవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగితే అందరం లేదన్నాం. అబద్ధం కాదు, మాకు తెలిసింది అంతే. తరవాత జెనెటిక్ కౌన్సెలర్ వేరేలా అడిగింది: ఎవరు ఏ వయసులో పోయారు, ఎవరికి ఏ ఆపరేషన్ జరిగింది? అప్పుడు బయటపడ్డాయి. నాన్న యాభై ఒకటికి "కడుపులో గడ్డ"తో పోయారు. మేనత్తకి నలభై ఎనిమిదికి గర్భసంచి తీసేశారు, ఎందుకో ఎవరూ అడగలేదు. కూర్చోబెట్టి అడిగితే, "అదీ క్యాన్సరేనే, మీ తాతయ్య ఎవరికీ చెప్పొద్దన్నాడు, పెళ్ళికెదిగిన పిల్లలున్నారని" అంది.

అన్నయ్యకి వచ్చింది ఇలా వంశంలో దిగివచ్చేదే, దీన్ని లించ్ సిండ్రోమ్ అంటారు. కణాల్లో డీఎన్ఏ తప్పులు దిద్దే జన్యువుల్లో ఒకదానికి ఉండే రెండు కాపీల్లో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుంది. పెద్దపేగుతో పాటు ఆడవాళ్ళకి గర్భసంచి, అండాశయం, ఇంకా పొట్ట, మూత్రనాళాలకి కూడా ముప్పు. తల్లికిగానీ తండ్రికిగానీ ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. ఇంటిపేరుతో దీనికి పనిలేదు. పెళ్ళయి గోత్రం మారిన ఆడపడుచుకీ అంతే వాటా, నాకూ అంతే.

కాబట్టి పరీక్ష ముందు రోగికే చేయించండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కాదు. తీసిన గడ్డ ముక్కని ఆస్పత్రి మైనం బ్లాక్‌లో దాచి ఉంచుతుంది. దాని మీద ఎంఎంఆర్ పరీక్ష (ఆ దిద్దే జన్యువులు తయారుచేసే ప్రోటీన్లు గడ్డలో ఉన్నాయో లేదో చూసేది) చేశారా అని అడగండి. నాలుగు ప్రోటీన్లలో ఏదైనా లేదని వస్తే అప్పుడు రక్తంలో జన్యు పరీక్ష. అందులో ఎంఎల్‌హెచ్1 అనే ప్రోటీన్ లేకపోవడం వంశపారంపర్యం కాకుండా కూడా రావచ్చు, రిపోర్ట్ చూసి మీరే తీర్పు చెప్పుకోకండి. అన్నయ్యకి పోయింది ఎంఎస్‌హెచ్2 అనే ప్రోటీన్, రక్తపరీక్షలోనూ ఆ జన్యువులోనే తేడా దొరికింది. ఏ తేడా అన్నది తెలిసింది కాబట్టి మిగతావాళ్ళకి ఆ ఒక్కటే వెతికితే సరిపోతుంది.

ఈ జన్యువు చెడిన వాళ్ళకి ఇరవై, ఇరవై ఐదేళ్ళ నుంచే ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఉండాలి. లించ్ లేకపోయినా, తోడబుట్టినవాళ్ళకి వచ్చిందంటే నలభై ఏళ్ళకో, వాళ్ళకి బయటపడిన వయసుకి పదేళ్ళ ముందో, ఏది ముందైతే అప్పుడు మొదలుపెట్టాలి. ఎలా లెక్కేసినా నేను ముప్పై ఆరుకల్లా చేయించుకోవాల్సింది. ఇప్పుడు నలభై మూడు.

మన ఇళ్ళలో ఇంకో మెలిక ఉంది, మేనరికం. మా వదిన ఆ మేనత్త కూతురే. అంటే చెడిన జన్యువు ఆవిడకీ వచ్చి ఉండొచ్చు. ఇద్దరికీ ఉంటే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు రెండు కాపీలూ చెడినవి వచ్చే అవకాశం ఉంటుంది. అలాంటి పిల్లలకి చిన్నతనంలోనే మెదడులోనో, రక్తంలోనో, పేగులోనో క్యాన్సర్ రావచ్చు. మామూలుగా పిల్లలకి పద్దెనిమిది నిండేదాకా ఈ పరీక్ష చెయ్యరు. తల్లిదండ్రులిద్దరికీ ఉందని తేలితే ఆగరు.

పెళ్ళి సంబంధాలు చెడతాయని భయం మాకూ ఉంది. పెళ్ళిళ్ళ పేరయ్యకి చెప్పకపోతే పోనివ్వండి, మీ పిల్లలకి మాత్రం చెప్పండి.

నా కొలనోస్కోపీ గురువారం. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపేశాను, రెండు రోజులుగా ఆకుకూరలూ, గింజలున్న పళ్ళూ మానేశాను. బుధవారం సాయంత్రం పేగు ఖాళీ చేసే పౌడర్ కలిపిన నీళ్ళు తాగాలి. వదిన రక్తం నిన్ననే ఇచ్చి వచ్చింది.